అవ్వ వదిలిన దిక్కు

నా చిన్నప్పుడు నాకు భయం లేనిది తిండి ఒక్కటే. మిగతా అన్నిటికీ భయపడేదాన్ని. బల్లికి, బస్సు హారనుకి, లెక్కల మాస్టారికి, ఆయన రాని రోజు ఖాళీగా ఉండే ఆయన కుర్చీకి, వానకు ముందు వచ్చే గాలికి, అన్నిటికీ భయమే. మా అమ్మ నన్ను చూసి, "దీనికి ధైర్యం నూరిపోద్దామన్నా రోలు చప్పుడుకి దడుచుకుంటుంది" అనేది. అలాంటి పిల్ల, భయం లేని ఆ ఒక్క తిండి కోసమే వెళ్ళి, బతుకులోకెల్లా పెద్ద భయంలో ఇరుక్కుంది. నాకిప్పుడు అరవై దాటాయి. మోకాలి మీద ఆ రోజు గీరుకున్న ముళ్ళ గీతలు మూడు ఇంకా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి చూపించుకోవడానికి వెళితే డాక్టరు ముందు వాటి గురించే అడుగుతాడు.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఊరి పేరులో సుఖం ఉంది గాని మా అమ్మ దిల్‌కి లేదు. సొంత గోడకి సొంతంగా మేకు కొట్టుకుంటే తప్ప అది రాదని ఆవిడ నమ్మకం. మా నాన్న ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇళ్ళకీ వంతెనలకీ బొమ్మలు గీసేవారు. ఆయన లోకంలో వంకర గీతను మించిన పాపం లేదు. పప్పులో మునక్కాడలు కూడా సమానంగా కోయలేదని అమ్మను అనేవారు. అలాంటి మనిషి బడంగ్‌పేట్ దాటాక, పొలాల మధ్య పది గుంటల నేల కొన్నారు.

ఇప్పుడక్కడ లిఫ్టు ఉన్న ఇళ్ళున్నాయి. అప్పుడు మాత్రం ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే పట్నం అయిపోయినట్టే. బస్సు దిగి ఎర్రమట్టి బాటలో గంటసేపు నడిస్తే మా నేల వచ్చేది. నేల అని కాగితం మీద రాసుంది గాని కంటికి నేల కనబడేది కాదు. ఏళ్ళ తరబడి ఎవరూ దున్నకపోవడంతో సర్కారు తుమ్మ మనిషెత్తున లేచింది. దాని కింద రేగుకంప, తంగేడు, సీతాఫలం పొదలు, పిట్టలు వేసిన గింజలకు మొలిచిన వేపమొక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుపోయాయి. పట్టపగలు కూడా లోపల సాయంత్రంలా ఉండేది. ఆ కంపను చూస్తే చాలు నాకు కంపం పుట్టేది. ప్లాటు కొన్నామని నాన్న అంటే, పాట్లు కొన్నామని అమ్మ అనేది.

ఆ కంప కొట్టడానికి ఆ ఊరి అవ్వ ఒకామె ఒప్పుకుంది. ఆమె కొడుకులిద్దరూ మీసాలున్న మగవాళ్ళే. వాళ్ళూ, ఊళ్ళోంచి వచ్చిన ఇంకో నలుగురూ గొడ్డళ్ళతో పని చేస్తుంటే, వాళ్ళందరికీ పెద్ద ఆమే. సన్నగా, నల్లగా, నడుముకు కొంగు బిగించి, ఒక చేత కొడవలి, ఒక చేత పంగల కర్ర పట్టుకుని ఉండేది. ఆ కర్ర కొస రెండుగా చీలి ఉంటుంది. చీలికతో ముళ్ళకొమ్మను కిందికి తొక్కిపట్టి, మొదట్లో కొడవలితో ఒక్క లాగు లాగేది. ఆ కొమ్మ ఆమె చేతికి గుచ్చుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాకు మాత్రం చూస్తున్నందుకే గుచ్చుకునేది.

మొదటి రోజు పొద్దున్నే అవ్వ చేసిన పని నన్ను హడలగొట్టింది. కొడవలి పట్టకముందు ఒక రాయికి పసుపు కుంకుమ పెట్టి, పంగల కర్రతో నేలను గట్టిగా మూడుసార్లు మోది, ఆ పొదలోకి చూస్తూ, ఎదురింటి వాళ్ళను పిలిచినట్టు పిలిచింది.

"ఇనుండ్రి! మనుషులొచ్చిన్రు. ఈడికెల్లి కొట్టుకుంట ఒస్తున్నం. మీ పిల్లల్ని తీస్కొని గుట్ట దిక్కు పోండ్రి. గుట్ట దిక్కు ఇడిసినం."

తర్వాత ఒక చుట్ట వెలిగించుకుని, అది అయిపోయేదాకా తీరిగ్గా కూర్చుంది. ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. నేల మీద పనివాళ్ళు కూర్చుంటే మా నాన్నకు అదో వంకర గీత. ఆయన చేతిలో నక్షా కాగితం చుట్టగా చుట్టి ఉంది. ఒకరి చేతిలో ఆ చుట్ట, ఒకరి చేతిలో ఈ చుట్ట.

"ఇలా కాదమ్మా, ముందు నాలుగు అంచులూ కొట్టించు. సోమవారం కొలతల వాళ్ళొస్తున్నారు, హద్దు రాళ్ళు పాతాలి. మధ్యలోది తర్వాత చూసుకోవచ్చు" అన్నారు నాన్న.

"అంచులు యాడికి పోతయి సారూ? గాడ్నే ఉంటయి. లోపటున్నోళ్ళు పోవాలె గద ముందుగాల."

"లోపల ఎవరున్నారు?"

అవ్వ పొగ వదిలి, "ఎవరుండరు?" అంది.

ఆ రెండు మాటలు విన్నాక నేను అమ్మ కొంగు వదలలేదు. ఎవరుండరు! అంటే అందరూ ఉన్నట్టే కదా. ఆ రాత్రి కిరాయి ఇంట్లో దుప్పటి ముసుగు పెట్టుకుని కూడా, మంచం కింద ఏ దిక్కు వదిలి ఉందో చూసుకున్నాను.

రెండు రోజులు పని అవ్వ చెప్పినట్టే సాగింది. బాట వైపు, అంటే పడమటి నుంచి మొదలుపెట్టి, వరసగా తూర్పుకి జరుగుతూ పోయారు. తూర్పున రాళ్ళ గుట్ట ఉండేది. మధ్య మధ్య ఆపి అవ్వ కర్రతో నేలను మోదేది. అలా మోదినప్పుడల్లా ముందున్న పొదలో ఏదో సరసరమని గుట్ట వైపు కదిలిన చప్పుడు వినబడేది. ఏమిటో కనబడేది కాదు. కనబడనందుకు భయం, కనబడుతుందేమోనని భయం. నా దగ్గర రెండు రకాలూ నిల్వ ఉండేవి.

రెండో రోజు మధ్యాహ్నం ఆ భయాల మధ్యలో నాకు సీతాఫలాలు కనబడ్డాయి. మిగిలిన కంప నడుమ ఒక పొదకు ఐదు కాయలు, బాగా కళ్ళు తెరిచినవి. అవ్వకు చూపించాను. "రేపో మాపో గాడికి కొట్టుకుంట పోతం బిడ్డా, అప్పుడిస్త తియ్" అంది. సరేనన్నాను. కానీ కళ్ళు తెరిచిన కాయలు నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

మూడో రోజు ఆదివారం. అవ్వ రాలేదు. నెలలు నిండిన చిన్నకోడల్ని దవాఖానకు తీసుకుపోయిందనీ, మధ్యాహ్నానికి వస్తుందనీ పెద్దకొడుకు చెప్పాడు. మా నాన్నకు అది దేవుడిచ్చిన సెలవులా తోచింది. తెల్లారితే కొలతల వాళ్ళొస్తారు. నక్షా విప్పి, మిగిలిన కంప చుట్టూ ముందు దారి కొట్టమన్నారు. కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు తల గోక్కుంటూ, "అమ్మ ఒద్దన్నది సారూ" అన్నాడు. నాన్న, "మీ అమ్మ వచ్చేసరికి పనయిపోతే ఆవిడే సంతోషిస్తుందయ్యా" అన్నారు. అంత మెత్తగా చెప్పే సారుకు ఎదురు చెప్పడం వాళ్ళకు రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఉత్తరం, దక్షిణం, తూర్పు అన్నీ నున్నగా అయిపోయాయి. మధ్యలో రెండు గదుల ఇల్లంత కంప మాత్రం గుండు చేసి వదిలేసిన పిలకలా నిలబడింది. రెండు రోజులుగా కొట్టి ఎండిన ముళ్ళకొమ్మలన్నీ దాని చుట్టూ గోడలా పేర్చారు. కొట్టడం ఎందుకు, మధ్యలోది తగలబెట్టేస్తే ఒక్క సాయంత్రంలో తేలిపోతుందని నాన్న ఆలోచన. కిరసనాయిలు డబ్బా కూడా తెప్పించారు. నాలుగు వైపులా తిన్నగా వచ్చిన అంచుల్ని చూసుకుని ఆయన ఎంత మురిసిపోయారో, నేనంత బెంగపడ్డాను. ఐదు సీతాఫలాలు కాలిపోతాయి.

అందరూ బాట పక్కనున్న వేపచెట్టు నీడన అన్నాలకు కూర్చున్నారు. అమ్మ తెచ్చిన పులిహోర తిని నాన్న పనివాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అమ్మ చాప మీద ఒరిగింది. నేను నాన్న దగ్గరున్నాననుకుంది అమ్మ. నేను అమ్మ దగ్గరున్నాననుకున్నారు నాన్న. పిల్లలు తప్పిపోయేది ఎప్పుడూ ఈ రెండు అనుకోవడాల మధ్య సందులోంచే.

ముళ్ళగోడలో పడమటి వైపు, పనివాళ్ళు వచ్చిపోవడానికి వదిలిన చిన్న ఖాళీ ఉంది. దాంట్లోంచి బోర్లా పాక్కుంటూ దూరాను. కాయలు కోసుకుని, వాళ్ళు చేతులు కడుక్కునేలోపు వచ్చేద్దామని నా లెక్క. నాకు లెక్కలు రావని మాస్టారు ఊరికే అనేవాడు కాదు.

లోపల చల్లగా, పచ్చివాసనగా ఉంది. రెండు బారలు పాకాక సీతాఫలం మొదలు దొరికింది. చెయ్యి చాచి ఒక కాయ కోశాను. మెత్తగా వేళ్ళు దిగబడ్డాయి. అప్పుడు చూశాను, ఆ మొదట్లోనే ఒక కుందేలు కూర్చుని ఉంది. నా చేతికి జానెడు దూరం. అది పారిపోలేదు. కుందేలు మనిషిని చూసి పారిపోకపోతే ఎంత భయం వేస్తుందో చెబితే నవ్వుతారు గాని, ఆ క్షణంలో నా ఒళ్ళు చల్లబడింది. దాని పక్కటెముకలు గబగబా ఎగసిపడుతున్నాయి. దాని వెనక కముజు పిట్టలు, పిల్లలతో సహా, నేలకు అంటుకుపోయి ఉన్నాయి. కొమ్మలనిండా తొండలు. ఇంకొంచెం పక్కన ఒక ముంగిస, ముందుకాళ్ళు ఎత్తి, చెవులు రిక్కించి ఉంది. ఏదీ కదలడం లేదు. పది గుంటల నేలలో గుట్టకు పోకుండా మిగిలిన వాళ్ళందరూ ఆ రెండు గదుల్లోకి వచ్చి పడ్డారు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు నా ఎదురుగా ఉంది. ఎవరుండరు?

వెనక్కి పోదామని తిరిగాను. ప్రైమస్ స్టవ్వుకు పంపు కొట్టినట్టు బుస్సుమని శబ్దం. నేను పాకి వచ్చిన దారికి సరిగ్గా అడ్డంగా, నల్లటి తాడు ఒకటి చుట్ట విప్పుకుని లేచింది. పడగ నా మొహమంత ఎత్తులో ఉంది. ముంగిస దానికి నాలుగడుగుల దూరంలో ఉన్నా దాన్ని చూడలేదు. పామూ ముంగిస వైపు చూడలేదు. ఇదెవరూ నమ్మరు. వాళ్ళ పాత పగలన్నింటికన్నా ఆ గొడ్డళ్ళ చప్పుడు పెద్దదయిందని ఇప్పుడు నాకనిపిస్తుంది.

అరవాలనుకున్నాను. బల్లిని చూసి వీధి మొత్తాన్ని బయటికి రప్పించిన గొంతు అది. ఆ రోజు నోరు తెరుచుకుంది గాని లోపలినుంచి గాలి కూడా రాలేదు. చేతిలో సీతాఫలం పిండి అయిపోతోంది, గింజలు వేళ్ళ సందుల్లోంచి జారుతున్నాయి. నాకది తెలుస్తూనే ఉంది, వేళ్ళు మాత్రం విప్పుకోవడం లేదు.

అప్పుడు బయట దబ్బుమని చప్పుడైంది. భోజనాలయ్యాయి కాబోలు, ఆ ఒక్క ఖాళీనీ ముళ్ళకొమ్మల మోపుతో మూసేశారు. వెలుతురుకు దారి లేక లోపల మరింత చీకటయింది. దాని వెనకే కిరసనాయిలు వాసన వచ్చింది. మా వంటింటి వాసనే. అమ్మ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మ ఒచ్చినంక జేద్దాం సారూ" అంటున్నాడు పెద్దకొడుకు.

"చీకటి పడేలోపు ఆరిపోవాలి కదయ్యా. అగ్గిపెట్టె ఇటివ్వు, నేనే అంటిస్తాను" అంటున్నారు మా నాన్న.

అంత దగ్గరగా మా నాన్న గొంతు. పొద్దున నాకు రెండు జడలు వేసి, రిబ్బన్లు సమానంగా ఉన్నాయా లేదా అని దూరంగా నిలబెట్టి చూసుకున్న మనిషి. చిర్రుమని పుల్ల గీసిన చప్పుడు వినబడింది. ఆరిపోయింది. మా నాన్నకు స్కేలుతో తప్ప ఏదీ సరిగ్గా గీయడం రాదు. అగ్గిపుల్ల కూడా. ఇంట్లో దీపం నుంచి స్టవ్వు దాకా అన్నీ అమ్మే వెలిగించేది. రెండో పుల్ల గీశారు. అదీ గాలికి పోయింది. ఆయన చేతకానితనాన్ని అమ్మ జీవితాంతం వెక్కిరించింది గాని, ఈ మాటలు మీకు రాస్తున్న మనిషి ఆ చేతకానితనం వల్లే మిగిలింది. పాము ఊగుతోంది. నేను కళ్ళు మూసుకోవడానికి కూడా భయపడి చూస్తూ ఉన్నాను. మూడో పుల్ల తీసిన చప్పుడు వినబడలేదు. కేక వినబడింది.

"ఏయ్ సారూ! పుల్ల కింద పడెయ్! ఏ దిక్కు ఇడిసిన్రురా?"

అవ్వ. ఎర్రమట్టి బాట మీదనుంచి అరుస్తూ ఉరుకుతోందని గొంతు దగ్గరవుతున్న కొద్దీ తెలుస్తోంది.

"మిమ్మల్నే అడుగుతున్న. నోట్లో మన్ను పోస్కున్నరా? ఏ దిక్కు ఇడిసిన్రు?"

"యాడ ఇడువలే అమ్మా. సారు చెప్పిండు" అన్నాడు చిన్నవాడు.

"సారుకు కాయితం తెల్సు. పుట్ట తెల్సా? మీకు తెల్వదా, నా కడుపున పుట్టినోళ్ళకు? జరుగుండ్రి. అందరు బాట దిక్కు పోయి కూసోండ్రి. దగ్గుడు గూడ ఒద్దు."

నాన్న ఏదో అనబోయారు. "మీరు గూడ సారూ" అంది అవ్వ. ఆ 'గూడ'లో ఏముందో గాని మా నాన్న మాట మధ్యలో ఆగిపోయింది.

తర్వాత గుట్ట వైపునుంచి ముళ్ళకొమ్మలు ఈడుస్తున్న చప్పుడు. పంగల కర్రతో ఒక్కో మోపునే లాగి పక్కకు వేస్తోందని ఇప్పుడు ఊహించగలను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. నా వెనకనుంచి, ఒక చాపంత వెలుతురు లోపలికి వచ్చి పడింది. ఆ వెలుతురు పడగ మీద కూడా పడింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ పొదలో ఉన్న మేమందరం, ఆ 'మేము'లో పాము కూడా ఉంది, ఊపిరి బిగబట్టి విన్నాం. అప్పుడు పడమటి వైపునుంచి, దూరంగా, కర్ర నేలను తాకింది. టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్. కొట్టినట్టు లేదు, తలుపు తట్టినట్టు ఉంది. "పోండ్రి. గుట్ట దిక్కు ఇడిసినం. జల్ది లేదు, పైలంగ పోండ్రి" అంటోంది అవ్వ. ఇంతకుముందు కొడుకుల మీద అరిచిన గొంతేనా ఇది అన్నంత మెత్తగా ఉంది.

ముందు కుందేలు కదిలింది. నా పక్కనుంచి వెలుతురులోకి ఒక్క దూకు. తర్వాత కముజు పిట్టలు, పిల్లలు వెనక, తల్లి ముందు, బడికి పోతున్నట్టు వరసగా. ముంగిస ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. నా చూపంతా పడగ మీదే. టక్. పడగ కొంచెం కిందికి దిగింది. టక్. ఇంకొంచెం దిగింది. చివరికి ఆ నల్లతాడు నేలకు జారి, నా ఎడమ కాలికి జానెడు దూరంలోంచి, నన్ను ఒక చెట్టు మొదలు కింద జమకట్టి, తొందర లేకుండా వెలుతురు వైపు పోయింది. దాని పొలుసులు ఎండుటాకుల మీద చేసిన చప్పుడు నాకిప్పటికీ చీపురు చప్పుడులో వినబడుతుంది. అందుకే ఇల్లు ఊడవను అంటే మా ఆయన నమ్మరు.

అన్నీ పోయాక నాకూ అర్థమైంది, అటే పోవాలని. లేచి నిలబడే ధైర్యం లేక, వచ్చినట్టే పాక్కుంటూ పోయాను. ఆ ముళ్ళగీతలు అప్పటివే.

బయట గుట్ట పక్కన, కొంచెం దూరంగా, ఎవరెవరు పోతున్నారో చూడ్డానికి అవ్వ చిన్నకొడుకును నిలబెట్టిందట. వాడు వేళ్ళు మడుస్తూ చెబుతున్నాడు. "కుందేలు పోయింది. పిట్టలు పోయినయి. నాగన్న పోయిండు." ఆగాడు. "అమ్మా, అగో! గౌనేసుకున్నదేదో ఒస్తున్నది!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. చాలా ఏళ్ళ తర్వాతే మేం దానికి నవ్వగలిగాం.

అమ్మ చాప మీదనుంచి ఎలా లేచిందో, ఎలా వచ్చిందో తెలియదు. నన్ను ఒక చేత్తో గుండెకు అదుముకుని, ఇంకో చేత్తో వీపు మీద బాదుతోంది. "చచ్చిపోయేదానివి కదే, కాలిపోయేదానివి కదే" అంటోంది. నేను ఏడవడం లేదు. కొయ్యలా ఉన్నాను. అవ్వ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "కొట్టకమ్మా. బయటికొచ్చిన్నని దానికింకా తెల్వలే" అంది. నా పిడికిలి విప్పి, చితికిపోయిన సీతాఫలంలో మిగిలిన తెల్లటి గుజ్జును గింజ తీసి నా నోట్లో పెట్టింది. "తిను బిడ్డా, ఇంత పరేషాన్ అయ్యి తెచ్చుకుంటివి." ఆ తీపి నాలుకకు తగిలాకే నా గొంతు తెరుచుకుంది. అప్పుడరిచిన అరుపుకు గుట్ట మీది పిట్టలన్నీ లేచిపోయాయట.

ఏడుపు సద్దుమణిగాక అడిగాను, పాము నన్నెందుకు కరవలేదని.

"ఎందుకు కరుస్తది? పోయే తొవ్వ దొరికింది, పోయింది. దొరక్కపోతే? నేనైతే నిన్ను కరుస్తుంటి" అంది అవ్వ, చాలా మామూలుగా.

ఇక మా నాన్న. ఆయన బాట పక్కన నేల మీద కూలబడి ఉన్నారు. పాంటుకు మట్టి అంటితే ఓర్చుకోలేని మనిషి. చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది. దాన్నే చూస్తున్నారు. పనివాళ్ళెవరూ ఆయన వైపు చూడటం లేదు, చూడకపోవడం చూడటం కన్నా ఘోరంగా ఉంది. అమ్మ చూపు మాత్రం ఆయన మీదే ఉంది. ఆ చూపులో నాలుగు వైపులా ముళ్ళే. ఆ క్షణాన అవ్వ ఒక్క మాట అంటే చాలు, మా నాన్న ఇంక లేవలేరు. అనడానికి ఆమెకు హక్కూ ఉంది, నోరూ ఉంది.

అవ్వ వెళ్ళి ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది. ఆయన వేళ్ళ మధ్యనుంచి అగ్గిపెట్టె మెల్లగా తీసుకుంది. ఒక్క పుల్లతో తన చుట్ట వెలిగించుకుని, పెట్టెను తన రొంటిన దోపుకుంది. "సారూ, కంప కొట్టుడు మీకేం తెల్సు? గీత గీసుడు నాకేం తెల్సు? నా కోడలు గాడ నొప్పులు పడుతుంటే నేను గూడ పొద్దుగాల ఈళ్ళకు సక్కగ చెప్పిపోలే. నాది గూడ తప్పే. లేవుండ్రి, బిడ్డను ఎత్తుకోండ్రి. దానికి నడుసుడు రాదు ఇప్పుడు" అంది.

నాన్న లేచి వచ్చి నన్నెత్తుకున్నారు. బస్సు దాకా గంట నడక, ఒక్కసారి కూడా దించలేదు. అమ్మ వెనకే నడుస్తూ, కొంతదూరం పోయాక, ఆయన భుజం మీద జారిన నా జడను సర్దింది.

మా నాన్న ఆ తర్వాత అగ్గిపుల్ల ముట్టలేదు. దీపావళికి మతాబులు కూడా అమ్మే వెలిగించి ఇచ్చేది. ఆ నేల తూర్పు అంచున గుట్ట వైపు ఒక బారెడు కంపను ఆయన ఎప్పుడూ కొట్టించలేదు. హద్దు గీత అక్కడ వంకర పోయిందని కొలతల వాళ్ళు అంటే, పోనివ్వండి అన్నారట. తర్వాతి రోజుల్లో ఆయన గీసిన ఇళ్ళన్నిటికీ వెనకవైపు ఒక తలుపు ఉండేది. జాగా లేదని, వాస్తు ఒప్పుకోదని ఎవరెంత చెప్పినా వినేవారు కాదు.

అవ్వ ఆ రోజు తూర్పు దిక్కు వదిలింది నా కోసం కాదు. లోపల నేనున్నానని ఆమెకు తెలియదు. అక్కడున్న ఎవరికోసమో వదిలింది, ఆ ఎవరిలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత ఇంకో దిక్కు కూడా వదిలిందనీ, దాంట్లోంచి మా నాన్న బయటికొచ్చారనీ నాకు తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి నేను చంపాపేట్‌లో ఒక బడిలో పంతులమ్మను. పరీక్షలో ఒక పిల్ల అరచేతిలో చీటీతో నాకు దొరికింది. ఆ పిల్ల పక్కటెముకలు గబగబా ఎగసిపడుతున్నాయి. నాకా కుందేలు గుర్తొచ్చింది. "నీ పెన్సిలు మొద్దుబారింది, కిటికీ దగ్గర చెత్తబుట్ట ఉంది, చెక్కుకుని రా" అన్నాను. చెక్కుకుని వచ్చింది. పెన్సిలు పొట్టుతోపాటు ఇంకేమైనా పడిందో లేదో నేను చూడలేదు. ఆ ఏడు ఆ పిల్ల లెక్కల్లో తప్పింది. మరుసటి ఏడు తనంతట తాను రాసి పాసయింది. ఇంట్లో మా ఆయనతో పోట్లాడినప్పుడు కూడా మూడు వైపులే కమ్ముకుంటాను, వంటింటి వైపు వదిలేస్తాను. ఆయన అటునుంచి జారుకుని టీ పెట్టుకొస్తారు. ఒప్పుకున్నట్టూ కాదు, ఓడినట్టూ కాదు, టీ మాత్రం బాగుంటుంది.

భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ బల్లికి అరుస్తాను. పోయిన నెల మా పక్క ఖాళీ స్థలంలో ఏళ్ళనాటి తుమ్మకంప తీయడానికి జేసీబీ వచ్చింది. చేతికర్ర పట్టుకుని కిందికి దిగాను. వెనక గోడ వైపు ముట్టుకోకుండా రోడ్డు వైపునుంచి రమ్మనీ, ముందు ఇంజను ఆపి పది నిమిషాలు ఆగమనీ డ్రైవరును బతిమాలాను. పాతికేళ్ళుంటాయేమో అతనికి. నవ్వాపుకుంటూ ఆపాడు. నేను కర్రతో నేలను మెల్లగా తట్టి, చెప్పాల్సింది చెప్పాను. నాది తెలంగాణ యాస కాదు గనక లోపలివాళ్ళకు అర్థమైందో లేదో.

పది నిమిషాలయింది. ఏమీ కదల్లేదు. ఒక ఉడుత కూడా రాలేదు. బాల్కనీల్లోంచి అందరూ చూస్తున్నారు.

"ఏందమ్మమ్మా, ఇంతసేపు ఆపితిమి గద. గా పొదలకెల్లి ఎవరొచ్చిన్రు?" అన్నాడు డ్రైవరు.

"నేనొచ్చాను నాయనా" అన్నాను.